పిలుపుల వరసలో నా ఇల్లు

మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే నాకు చిరాకేస్తుంది. అడిగినవాళ్ళ తప్పేమీ లేదు. రైల్లో ఎదుటి సీటు ఆవిడ, బ్యాంకులో కొత్త మేనేజరు, మా అమ్మాయికి సంబంధాలు చెప్తామని వచ్చే పెద్దమనుషులు, అందరూ మాటవరసకే అడుగుతారు. తడబడేది నేనే. వైజాగ్ అంటాను. "అది సరేనండీ, సొంతూరు?" అంటారు. మా నాన్నది గోదావరి పక్క పల్లె. అక్కడ మాకు గజం నేల లేదు. వెళ్తే ఎవరి గుమ్మం ఎక్కాలో కూడా తెలియదు. నేను పెరిగింది స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో, కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో. నాన్న రిటైరయ్యాక తాళాలు ఆఫీసులో ఇచ్చేసి, సామాను లారీకెత్తుకుని బయటికొచ్చేశాం. మా అమ్మ పెంచిన కరివేపాకు చెట్టు కింద ఇప్పుడు ఇంకెవరో బట్టలు ఆరేస్తున్నారు. దాన్ని సొంతూరు అనడానికి నాకు నోరు రాదు.

ఇంతకీ నేను చేసే ఉద్యోగం ఊళ్ళ గురించే. కాలేజీలో సమాజశాస్త్రం చెప్తాను. పల్లె పట్నమైపోతే మనిషికీ మనిషికీ మధ్య ఏమవుతుందనేది నా పరిశోధన. మా ఆయన పోర్టులో పని చేస్తారు. "మనుషులు మారిపోతున్నారు అని చెప్పడానికి కూడా జీతం ఇస్తున్నారంటే గొప్ప సంగతే" అంటారు. ఆయన వేళాకోళం నాకు అలవాటే. కానీ చాలా ఏళ్ళు నేను చెప్పింది నిజంగా అంతే. ఊరు చెదిరి, మగవాళ్ళు ఫ్యాక్టరీలో చేరి, పిల్లలు ఇంజనీరింగులు చదివితే పాత కట్లు వాటంతట అవే సడలిపోతాయని క్లాసులో గొంతు పెంచి మరీ చెప్పేదాన్ని. అలా చెప్పడం తేలిక. ఊరు లేనిదాన్ని నేనొక్కదాన్నే కాదు, రేపోమాపో అందరూ నాలాగే అవుతారని అందులో ఒక ఓదార్పు కూడా ఉండేదనుకుంటాను.

కూర్మన్నపాలెం దాటి లోపలికి వెళ్తే, ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళు కట్టుకున్న కాలనీ ఒకటుంది. ప్రశ్నలు తయారు చేసుకుని అక్కడికి వెళ్ళాను. మొదట కూర్చున్నది ఒక పెద్దావిడ ఇంటి అరుగు మీద. అప్పటికే ఆవిడ భర్త పోయాడు. కొడుకు ప్లాంటులో క్రేను నడుపుతాడు. కోడలు ఇంటి ముందు గదిలో బట్టలు కుడుతుంది. ఆవిడ పేరు ఇక్కడ అక్కర్లేదు. నేను మొదటి రోజు నుంచీ అత్తా అనే పిలిచాను, ఆవిడ నన్ను అమ్మీ అంది.

ఇరుగుపొరుగు సంగతి అడుగుతూ, "మీ పక్కింటివాళ్ళు ఎవరత్తా?" అన్నాను. ఒక ఇంటిపేరు చెప్పింది. చూస్తే పక్క గోడ మీది పలకలో ఉన్న పేరు వేరు. ఆవిడకి సరిగా వినబడలేదేమోనని గట్టిగా మళ్ళీ అడిగాను.

"సెవుడు నేదమ్మీ నాకు" అని నవ్వింది. "ఈ గోడవతలోళ్ళు పక్క ప్లాటోళ్ళు. పక్కింటోళ్ళు కాదు. మా పక్కింటోళ్ళు అద్గో, ఆ వాటర్ ట్యాంకు కాడుంతారు."

ఆ ట్యాంకు కాలనీకి అటు చివర ఉంది. అప్పుడు విషయం తెలిసింది. ఊరు ఖాళీ చేసినప్పుడు ప్లాట్లు చీటీలు తీసి పంచారు. పక్కపక్కన బతికినవాళ్ళు తలో మూలకీ పోయారు. కానీ అత్త లెక్కలో ఇళ్ళు ఇంకా పాత వరసలోనే ఉన్నాయి. ఊరికే మనసులో ఉండిపోవడం కాదు, దానికో పని ఉంది. "రేపు పిలుపులున్నాయి, ఎనకాల నడుద్దువుగాని రా" అంది.

పిలుపులంటే మా వైపు అందరికీ తెలిసినవే. పెళ్ళికి ముందు పసుపు కొట్టడానికీ, పెళ్ళికీ ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి రమ్మని చెప్పడం. ఈ కాలనీలో విచిత్రమేమిటంటే, ఆ పిలుపులు కాలనీ వీధుల ప్రకారం సాగవు. లేని ఊరి వీధుల ప్రకారం సాగుతాయి. పాత ఊళ్ళో తూర్పు వీధి మొదటి ఇల్లెవరిదో వాళ్ళకి ముందు బొట్టు పెట్టాలి. ఆ తర్వాత వాళ్ళ పక్కింటికి. ఆ మొదటి ఇంటివాళ్ళు ఇప్పుడు రామాలయం సందులో ఉంటే రెండో ఇంటివాళ్ళు బస్ స్టాపు దగ్గరుంటారు. మూడో ఇల్లు మళ్ళీ రామాలయం సందులోనే, మొదటి ఇంటికి ఎదురుగా. ఆ ఎదురింటావిడ గేటు పట్టుకుని చూస్తూనే ఉంటుంది. పిలుపులవాళ్ళు ఆమె ముందు నుంచే వెళ్ళిపోయి, బస్ స్టాపు దాకా పోయి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చి అప్పుడు బొట్టు పెడతారు. ఆమెకి కోపం రాదు. ముందే పెడితే వస్తుంది.

అది నా కళ్ళతో చూశాను. ఒకింటి కొత్త కోడలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల, ఎండలో ఈ తిరుగుడేమిటని వీధి వెంబడి వరసగా బొట్లు పెట్టుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి కాలనీ అంతా గుప్పుమంది. ఆలస్యంగా పిలిచినవాళ్ళ కన్నా ముందు పిలిచినవాళ్ళే ఎక్కువ గొడవ చేశారు. "ఆళ్ళ కన్నా ముందు మమ్మల్నెలా పిలుత్తారు? రేపు ఆళ్ళ మొకం ఎలాగ సూడాల?" అని ఒకావిడ గడప మీద కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరికి అత్త ఆ పిల్లని వెంటబెట్టుకుని, పెట్టిన బొట్టు మీదే మళ్ళీ బొట్టు పెట్టిస్తూ మొదట్నుంచీ తిప్పుకొచ్చింది.

వరస మధ్యలో ఒకిల్లు మధురవాడకి మారిపోయింది. కొడుకు అక్కడ ఫ్లాటు కొన్నాడు. అయినా వాళ్ళ వంతు వాళ్ళదే. సగం కాలనీ పిలిచాక అందరూ ఆటో ఎక్కి, గాజువాక ట్రాఫిక్కులో పడి, ఊరు మొత్తం దాటి మధురవాడ వెళ్ళి, ఆరో అంతస్తులో బొట్టు పెట్టి, కాఫీ తాగి, మళ్ళీ వెనక్కొచ్చి మిగతా సగం కాలనీ పిలుస్తారు. మధురవాడ చివర్లో పెట్టుకోవచ్చు కదా అని అడిగాను. అందరూ నా వంక జాలిగా చూశారు. మా ఆయనకి చెప్తే, "పెట్రోలు కంపెనీల వాళ్ళు వీళ్ళకి సన్మానం చెయ్యాలి" అన్నారు.

ఆ రోజు నుంచి ఆ ఊరివాళ్ళ పెళ్ళిళ్ళ పిలుపులన్నిటికీ వెళ్ళడం మొదలుపెట్టాను. పరిశోధన అన్నాను. పరిశోధన ఏనాడో అయిపోయింది, వ్యాసాలు అచ్చయ్యాయి, నేను మాత్రం మానలేదు. ఏ ఇంట్లో పెళ్ళైనా వరస చెప్పడానికి అత్తే రావాలి. భర్త పోయినావిడ కాబట్టి ముందు నడవకూడదు, వెనకాల నడుస్తుంది. ఇంట్లోకి వెళ్ళకూడదు, గేటు బయట రోడ్డు మీద నిలబడుతుంది. లోపల బొట్లు పెట్టడం, నవ్వులు, కాఫీలు అన్నీ అయ్యాక బయటికొచ్చిన ఆడవాళ్ళకి తర్వాతి ఇల్లు చెప్తుంది. ఊరంతా ఆవిడ బుర్రలో పెట్టుకుని ఆవిడ రోడ్డు మీద నిలబడటమేమిటని నాకు ఒళ్ళు మండేది. వరసలో పేట ఇళ్ళు, ఊరి బయటుండే దళితులవి, ఎప్పుడూ ఆఖరికి రావడం చూసినా అంతే మండేది. అదీ ఇదీ కలిపి ఒకసారి గట్టిగానే అడిగేశాను.

"నీ కోపం నీ కాలేజీలో సూపించుకో" అంది అత్త. "ఈ వరస నాను కట్టినేదు. పోనీ కదా అని ఒగ్గీసినాననుకో, మరి ఊరేది?"

ఆ తర్వాత్నుంచి లోపలికి వెళ్ళకుండా నేనూ రోడ్డు మీదే ఆవిడ పక్కన నిలబడేదాన్ని. మిగతావాళ్ళు బొట్టు పెట్టే దాకా మేమిద్దరం కబుర్లాడుకునేవాళ్ళం. మొబైల్ రీచార్జి కొట్టు ముందు ఆగి, "ఇది మా పెదమావోళ్ళ గేదెల పాక" అనేది. ఆవిడ చెప్పేది ఆ కొట్టు గురించి కాదు, వరసలో మేమున్న చోటు గురించి. నాలుగడుగులేసి, "ఇక్కడ దారి ఇరుగ్గుంతాది. ఎండు సేపలమ్మి గంప దించితే మరి మనిసి దూరనేడు" అనేది. నేను నిజంగానే పక్కకి ఒదిగి నడిచేదాన్ని. అలా నడిచి నడిచి, ఎన్నడూ చూడని ఊళ్ళో ఏ మలుపు తర్వాత ఏ ఇల్లో నాకూ వచ్చేసింది. ఆ ఊరు ఉన్నచోటే తర్వాత మా టౌన్‌షిప్ లేచింది. అది నేను అత్తకి మొదట్లోనే చెప్పాను. ఆవిడ కోప్పడుతుందేమోనని భయపడ్డాను కూడా. "అలగైతే నువ్వు మా జీడితోట్లో పెరిగిన గుంటవి" అని నా గడ్డం పట్టుకుంది.

ఒక చలికాలం ఆదివారం ఇద్దరం ఆటో కట్టించుకుని టౌన్‌షిప్‌కి వెళ్ళాం. మా పాత క్వార్టరు చూపించాను. కిటికీకి కొత్త రంగు వేశారు. వరండాలో ఎవరిదో చిన్నపిల్ల సైకిలుంది. లోపలికి వెళ్ళి నేనిక్కడ పెరిగానని చెప్తే కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారేమో, కానీ గేటు దగ్గరే ఆగిపోయాను. అత్త ఇటూ అటూ చూస్తూ తన ఊరిని వెతుక్కుంది. చెట్లన్నీ కొత్తవి, రోడ్లన్నీ తిన్ననివి. చివరికి దూరంగా కనబడే కొండని పట్టుకుని, దాని కొమ్ము తన వాకిట్లోంచి ఎలా కనబడేదో గుర్తు చేసుకుంటూ, నాలుగడుగులు ఎడమకీ రెండడుగులు వెనక్కీ జరిగి, "ఇదిగో, ఈ మద్దిలోనే" అంది. అది పార్కు పక్క ఫుట్‌పాత్. ఇద్దరం అక్కడ కూర్చుని తెచ్చుకున్న జంతికలు తిన్నాం. ఆవిడకి ఆ నేల మీద నాకన్నా ముందటి రోజులు కావాలి, నాకు తర్వాతి రోజులు. ఇద్దరికీ దొరకవు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, నా చేతిలో ఇంకో జంతిక పెట్టింది.

అప్పటి నుంచీ నాకో కోరిక పట్టుకుంది. బయటికి చెప్తే నవ్వుతారని చెప్పలేదు. ఆ వరసలో నాకూ ఒక ఇల్లుండాలి. ఎక్కడైనా సరే, పేట దాటాక అన్నిటికన్నా ఆఖరిదైనా సరే. పిలుపులవాళ్ళు మా ఫ్లాటు తలుపు కొట్టి, నా నుదుటన బొట్టు పెట్టి, ఫలానా వాళ్ళింట పెళ్ళి, తప్పకుండా రావాలని చెప్పాలి. ఇన్నేళ్ళలో నాకు అందినవన్నీ ఫోనులో శుభలేఖలు, "మేడంగారూ, తప్పక రండి" అనే మెసేజీలు. పెళ్ళికి వెళ్తే ముందు వరసలో కుర్చీ వేసి కూల్‌డ్రింకు ఇచ్చేవారు. ఆ మర్యాద నాకు గుచ్చుకునేది.

మొన్న మాఘమాసంలో అత్త మనవరాలికి పెళ్ళి కుదిరింది. ఈసారి పిలుపు అత్త ఇంటి నుంచే వెళ్తుంది. ఆవిడ చెప్తే కాదనేవాళ్ళు లేరు. ఈసారి కాకపోతే ఇంకెప్పుడూ లేదనిపించింది. అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. ఎప్పటిలా నేను వాళ్ళతోనే నడుస్తూ ఉంటే, నన్ను పిలవడానికి మా ఇంటికి ఎవరొస్తారు? తాళం వేసిన తలుపుకి బొట్టు పెట్టరు కదా. అందుకని అత్తకి ఫోన్ చేసి, కాలేజీలో పరీక్షల పనుంది, పిలుపులకి రాలేనని చెప్పాను. పని ఉన్న మాట నిజమే, కానీ అది సాయంత్రాలు.

"రావా?" అంది. "సరేలే. పని సూసుకో."

ఆ వారమంతా పగటిపూట నేను ఇల్లు కదల్లేదు. ముందు గది సర్దాను. సోఫాకి ఉతికిన కవర్లు వేశాను. కాఫీ పొడి కొత్తగా పట్టించాను. గుమ్మానికి పసుపు రాసి బొట్లు పెట్టాను. మా ఆయన ఆఫీసుకి వెళ్తూ, "పెళ్ళి మనింట్లోనా, వాళ్ళింట్లోనా?" అన్నారు. నేను గుమ్మానికి బొట్లు పెడుతూనే ఉండేసరికి ఆయనకి అర్థమైనట్టుంది. మళ్ళీ వేళాకోళం చెయ్యలేదు.

మధురవాడ ఇంటి వంతు ఏ రోజు వస్తుందో నాకు తెలుసు. మేముండేది మద్దిలపాలెంలో. కాలనీ నుంచి మధురవాడకి పోయే దారి మా వీధి మొగలోంచే. వెళ్ళేటప్పుడు వస్తారనుకున్నాను. రాలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆగుతారనుకుని బాల్కనీలో కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండలో రెండు ఆటోలు వచ్చాయి. ముందు ఆటోలో భరిణె పట్టుకున్న కోడలు, రెండో ఆటోలో అత్త. పై నుంచి ఆవిడ తల మీద కప్పుకున్న చెంగు కనబడింది. మా సందు దగ్గర ఆటోలు నెమ్మదించాయి. లేచి నిలబడ్డాను. నెమ్మదించింది సిగ్నల్ కోసం. పచ్చ లైటు పడగానే వెళ్ళిపోయాయి.

నాకు వచ్చినంత కోపం ఎవరికీ రాకూడదు. ఇంతకాలం వెనకాల తిరిగినా పరాయిదాన్నే అనుకున్నాను. ఆవిడనీ, ఆవిడ ఊరినీ, వరసనీ మనసులో తిట్టిపోశాను. తిట్టడం అయ్యాక ఖాళీగా ఉన్న ఆ ముందు గదిలో కూర్చుంటే దిగులేసింది. నుదురు తడుముకున్నాను, పిచ్చిదానిలా.

పసుపు కొట్టే రోజు నేను వెళ్ళలేదు. పిలవని పేరంటానికి ఏ మొహంతో వెళ్తాను? పొద్దున కూరలు తరుగుతూ ఉంటే అత్త ఫోన్.

"ఎక్కడున్నావే? రోలు కాడ అందరూ నీకోసం సూత్తన్నారు. రాహుకాలం వచ్చీసెలాగుంది."

"నేనెలా వస్తానత్తా? నన్నెవరూ పిలవలేదు కదా." నా గొంతు నాకే చిన్నపిల్ల అలకలా వినిపించింది.

అవతల రోలు దగ్గర ఎవరో పాటెత్తుకున్నారు, అది వినిపిస్తోంది.

"పిలవడమేటి?" అంది అత్త చివరికి. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. "పిలిసేవోళ్ళం మనం. మనింట్లో మనిసికి మనమే బొట్టెట్టి రమ్మంతామా? నా కోడలికి ఎవులు బొట్టెట్టినారు? నా కూతురికి ఎవులెట్టినారు?"

ముందున్న కత్తిపీట పక్కకి తోసేసి, ఉన్న చీరతోనే పరుగెత్తాను. ఆటోవాడిని తొందరపెడుతూనే ఉన్నాను. గాజువాక దగ్గర ఎప్పటిలాగే ఆగిపోయాం. నేను వెళ్ళేసరికి పసుపు కొట్టడం అయిపోయింది. మంచి గడియ దాటిపోతుందని నాకోసం ఉంచిన రోకలి ఇంకొకరికి ఇచ్చేశారు. పందిట్లో ఆడవాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు. కోడలు నన్ను చూసి, "ఇదేనా రావడం!" అని చనువుగా కసిరింది. మేడం అనలేదు.

అత్త అరుగు మీద కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుంది. మోకాళ్ళు రెండూ బాగా వాచి ఉన్నాయి. నేను కింద కూర్చుని పాదాల మీద చెయ్యి వేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నువ్వు రానన్నావు, నాను మరి సెప్పుకోనేదు" అంది. "పెతీ గేటు కాడా నానొక్కర్తినే నిలబడ్డానే, అమ్మీ. ఆళ్ళందరూ లోపలికెలిపోయీవోరు. ముందు తెలవనేదు గానీ, నువ్వు పక్కన నేకపోతే ఎండ ఎంత కొట్టినాదో. పెదమావోళ్ళ పాక కాడ నీకేదో సెప్దామని తిరిగితే నువ్వు నేవు."

పిలుపు కోసం ఇంట్లో కూర్చుని, ఇన్నేళ్ళుగా నాకున్న చోటునే నేను ఖాళీ చేశానని అప్పుడు తెలిసింది. వచ్చే పెళ్ళికి ఇద్దరం కలిసి నడుద్దామన్నాను. ఆవిడ నవ్వి మోకాళ్ళు చూపించింది.

ఆ తర్వాత కాలనీలో రెండు పెళ్ళిళ్ళయ్యాయి. అత్త నడవలేకపోయింది. మంచం మీద కూర్చుని వరస చెప్తుంది, కోడలు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఇంటింటికీ వెళ్తుంది. నేనూ వెళ్తున్నాను. అందరూ లోపలికెళ్ళాక గేటు బయట ఉండిపోతాను. లోపలికి రమ్మంటారు, కాఫీ తాగమంటారు, వద్దంటాను. ఎండలో ఆ రోడ్డు మీద నా పక్కన కాస్త చోటు వదిలి నిలబడతాను. ఇంకొక్కసారి, ఒక్క పెళ్ళికి, ఆవిడ వచ్చి అక్కడ నిలబడితే బాగుండుననిపిస్తుంది.